నాన్న చేతికి నూనె, చేతిలో బ్రష్

మా నాన్న సూర్యాపేటలో బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సులు రాకముందు విజయవాడ హైవే పొడుగునా కిరాణా కొట్లకి, రైస్ మిల్లులకి, టైర్ల షాపులకి, స్కూళ్లకి పేర్లు రాసిన చెయ్యి అది. ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలేసరికే పక్కటెముకల్లోకి పాకింది. కీమో మొదలుపెట్టారు, తట్టుకోలేకపోయాడు. చివరికి ఒక పెద్దాసుపత్రిలో డాక్టరు ఫైలు మూసి, "ఇంటికి తీసుకెళ్లండి, ఇక చేసేదేం లేదు" అన్నాడు. చేసేది చాలా ఉందని మాకు ఆ తర్వాతే తెలిసింది. ఆయనకి తెలియదో, చెప్పే ఓపిక లేదో.

అందులో మందుల భాగం గురించి చాలామంది రాశారు. నేను రాయాలనుకున్నది మసాజు, పాటలు, రంగులు, మాటల గురించి. మొదట వీటి పేరు వింటేనే నాకు చిరాకు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను, ఏ విషయమైనా పనిచేస్తుందా లేదా అనే అడుగుతాను. ఇప్పుడు కూడా అదే అడుగుతాను. జవాబు మాత్రం నేననుకున్నంత సూటిగా లేదు.

నాన్నని ఎల్‌బీనగర్‌లో మా ఫ్లాట్‌కి తెచ్చుకున్నాం. జబ్బు నయం కాకపోయినా నొప్పి, బాధ తగ్గించే వైద్యం, పాలియేటివ్ కేర్ అనేది ఒకటి ఉందని ఆఫీసులో ఒకాయన చెప్పాడు. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో దానికి వేరే విభాగమే ఉంది. హాస్పిస్ అంటే చివరి దశలో ఉన్నవాళ్లని చూసుకునే చోటు; 2011 నుంచి నడుస్తున్న స్పర్శ్ హాస్పిస్‌లో డబ్బు తీసుకోకుండా చివరిదాకా చూసుకుంటారు. తెలంగాణలో చాలా జిల్లా కేంద్రాల్లో కూడా ఇలాంటి వార్డులు, ఇంటికొచ్చి చూసే బృందాలు ఉన్నాయి. నాన్న ఆసుపత్రి మంచం ఎక్కనని మొండికేశాడు కాబట్టి మేం ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ల హోమ్‌కేర్ వ్యాన్‌ని పిలిపించుకున్నాం. వారానికోసారి డాక్టరమ్మ, సిస్టర్, అప్పుడప్పుడూ ఒక వాలంటీరు వచ్చేవాళ్లు. ఫీజు లేదు.

మొదటిరోజు సిస్టర్ కూర్చున్న తీరే వేరు. బీపీ మిషన్ తీయకుండా, "తాతా, రూపాయికి ఎన్ని పైసల నొప్పి?" అని అడిగింది.

"తొంభై."

"మిగతా పది పైసలు?"

"అది మీరు వచ్చిన్రు గదా, అందుకు."

ఆ రోజే మార్ఫిన్ మాత్రలు మొదలయ్యాయి. నాలుగు గంటలకోసారి, దాంతోపాటు మలబద్ధకానికి మందు తప్పనిసరిగా. మార్ఫిన్ అనగానే అక్క ఏడ్చింది, ఇక అయిపోయినట్టే అనుకుని. అలవాటు పడిపోతాడేమోనని అమ్మ భయం. డాక్టరమ్మ ఇద్దరికీ ఓపిగ్గా చెప్పింది: నొప్పికి తగినంత, లెక్కప్రకారం ఇస్తే అది వ్యసనం కాదు, మందు. 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల ఒకప్పుడు క్యాన్సర్ రోగులకి కూడా ఇది దొరకడం గగనంగా ఉండేదట. 2014లో చట్టం సవరించాక లైసెన్సుల తంటా కొంత తగ్గింది. రెండు మూడు రోజుల్లో తొంభై పైసలు ఇరవైకి దిగాయి. నాన్న పడుకున్నాడు. నిద్రలో గురక విని అమ్మ వంటింట్లో స్టవ్ కట్టేసి మరీ వింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇకపై నేను చెప్పేదంతా ఆ గురక తర్వాత జరిగింది. తొంభై పైసల నొప్పితో ఉన్న మనిషి దగ్గర పాట పెట్టడం, రంగులు పెట్టడం క్రూరత్వం. మందు లేకుండా మసాజుతోనే నొప్పి తీసేస్తామని ఎవరైనా వస్తే గుమ్మంలోంచే పంపించేయండి. మా ఇంటికీ ఒకాయన వచ్చాడు, మా బంధువుల సిఫారసుతో. చేతులు తగిలించకుండా శక్తిని ప్రసరింపజేస్తాడట, దానికి ప్యాకేజీలున్నాయట. నాన్న ఆయన్ని కళ్లు చికిలించి చూసి, ఆయన వెళ్లాక అన్నాడు: "ఈయన బోర్డు నేనే రాసిన. అప్పుడు వాస్తు అని రాయించిండు."

మూడోసారో నాలుగోసారో వచ్చినప్పుడు సిస్టర్ ఒక ప్రశ్న వేసింది. "ఈయన్ని పనికోసం కాకుండా ఊరికే ముట్టుకునేవాళ్లు ఎవరు?" మేమంతా ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. పక్కకి తిప్పడానికి, డైపర్ మార్చడానికి, మాత్ర వేయడానికి, థర్మామీటర్ పెట్టడానికి రోజంతా ముట్టుకుంటూనే ఉన్నాం. ఊరికే అంటే ఎవరూ లేరు. అమ్మ అందరి ముందూ ఆయన చెయ్యి పట్టుకోదు. నేను ఆయన్ని ముట్టుకున్నది నా పెళ్లిలో కాళ్లకి దణ్ణం పెట్టినప్పుడు. తండ్రీకొడుకుల మధ్య ముట్టుకోవడమనేదే ఉండదు మా ఇళ్లల్లో. చిన్నప్పుడు తన్నడానికి, పెద్దయ్యాక దణ్ణానికి, అంతే.

సిస్టర్ నేర్పింది ఇది. ముందు మన చేతులు గోరువెచ్చని నీళ్లతో కడుక్కోవాలి, గోళ్లు, ఉంగరాలు చూసుకోవాలి. మోచేతి కింద దిండు పెట్టాలి. కొబ్బరినూనె రెండు చుక్కలు మన అరచేతిలోనే రుద్ది వేడిచేసుకోవాలి, సీసాలోంచి నేరుగా ఒంటిమీద పోయకూడదు. ఒక చెయ్యి ఎప్పుడూ ఆయన మీద ఆనే ఉండాలి, తీసి పెట్టి తీసి పెట్టి చేస్తే ఉలికిపడతారు. నొక్కుడు వద్దు. ముంజేయి పైన మోచేతి నుంచి మణికట్టు దాకా రావడానికి ఏడెనిమిది సెకన్లు పట్టాలి. నేను చేసి చూపిస్తే, "అన్నా, మీరు కారు తుడుస్తున్నరు" అంది. అంత నెమ్మది ఎందుకని అడిగాను. వెంట్రుకలుండే చర్మంలో నెమ్మదిగా నిమిరితేనే స్పందించే సన్నటి నరాలుంటాయట. సెకనుకి 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగం వాటికి ఇష్టం, 3 దగ్గర అన్నిటికంటే ఎక్కువ. గబగబా రుద్దితే వాటికి పట్టదు. నా బుర్రకి ఇలాంటి అంకె ఒకటి కావాలి. అంకె దొరికాక చెయ్యి మాట విన్నది.

నేను మొదలుపెట్టిన సాయంత్రం నాన్న సిగ్గుపడ్డాడు. "ఏందిరా ఇది, నాకు నలుగు పెడ్తున్నవా?" అన్నాడు. అయినా చెయ్యి లాక్కోలేదు. ఆ చేతిని నేను అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. కుడిచేతి చూపుడువేలు పక్కన బ్రష్ ఆని ఆని కాయ కాసింది. బొటనవేలి గోరు మొదట్లో ఆకుపచ్చ ఎనామిల్ మరక, టర్పెంటైన్‌తో ఎన్నిసార్లు కడిగినా పోనిది. చర్మం మాత్రం ఉల్లిపొరలా అయిపోయింది, నరాలు పైకి తేలి. ఆ రోజు ఆయన ఏమీ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. టీవీ కట్టేసి ఉంది. పది నిమిషాలయ్యాక ఎడమచెయ్యి దిండు మీద తనే పెట్టాడు.

పనిచేసిందా? 2008లో అమెరికాలో ముదిరిన క్యాన్సర్ ఉన్న 380 మందితో చేసిన పరిశోధన చదివాను. సగం మందికి రెండు వారాల్లో ఆరుసార్లు అరగంట చొప్పున మసాజు, మిగతా సగానికి అంతే సేపు ఊరికే చేతులు ఆనించి ఉంచడం. రెండు గుంపులకీ నొప్పి, మనసు అప్పటికప్పుడు మెరుగయ్యాయి, మసాజు చేయించుకున్నవాళ్లకి ఇంకాస్త ఎక్కువ. అయితే రోజులు గడిచేకొద్దీ నిలిచే తేడా కనపడలేదు. మా ఇంట్లోనూ అంతే. ఆ పది నిమిషాలూ, ఆ తర్వాత ఒక అరగంటా ఆయన కనుబొమలు విడేవి. గంట తర్వాత మామూలే. మరి ఎందుకు చేశావంటారా? ఆ అరగంట కోసమే చేశాను. ఆ దశలో అరగంట చిన్నదేం కాదు.

ఎక్కడ చేయకూడదో కూడా తెలిసుండాలి. పక్కటెముకల మీద, వీపు మీద వద్దని ముందే చెప్పారు, క్యాన్సర్ పాకిన ఎముక సులువుగా విరుగుతుంది. రేడియేషన్ ఇచ్చిన చోట, గడ్డ ఉన్న చోట, సూది ఉన్న చోట వద్దు. ప్లేట్‌లెట్లు తగ్గినవాళ్లకి కాస్త నొక్కినా కమిలిపోతుంది. ఒకరోజు పొద్దున నాన్న ఎడమకాలు పిక్క దగ్గర వాచి వేడిగా ఉంది. చూడవచ్చిన పెద్దమ్మ, "వేడి నూనె పెట్టి గట్టిగ తోమితే వాపు దిగుతది" అని చీర కుచ్చిళ్లు దోపుకుని సిద్ధమైంది. నా భార్య అడ్డంపడి సిస్టర్‌కి ఫోన్ చేసింది. కాలు అస్సలు ముట్టుకోవద్దంది సిస్టర్. రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, తోమితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పెద్దమ్మ అలిగి ఆ పూట భోజనం చేయకుండా వెళ్లిపోయింది. పోనివ్వండి.

పాటల సంగతి. మా బావ మంచి మనసుతో ఒకరోజు ఫోన్లో భగవద్గీత పెట్టాడు. మా ఊళ్లో మైకులో గీత వినపడిందంటే ఆ బజార్లో ఎవరో పోయారని లెక్క. నిద్రలోంచి లేచిన నాన్న ఒక క్షణం విని, "ఎవరు పోయిన్రు?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. తనే, "నేనేనా? ఇంకా చాయ్ తాగలే గదరా" అన్నాడు. బావ మొహం చూడాలి.

తర్వాత వాలంటీరుగా వచ్చే మేడమ్ చెప్పింది: మీకు నచ్చిన పాట, దేవుడి పాట, ప్రశాంతంగా ఉంటుందని యూట్యూబ్ చెప్పే పాట కాదు, ఆయన పదిహేనేళ్ల నుంచి పాతికేళ్ల మధ్య విన్న పాటలు అడగండి అని. నాన్నకి అవి వివిధ భారతి జనరంజనిలోవి. నిచ్చెన మీద ట్రాన్సిస్టర్ వేలాడదీసుకుని రాసేవాడు. ఒక పాట అయ్యేలోపు ఒక అక్షరం అవుట్‌లైన్ అయిపోవాలట, అడ్వర్టైజ్‌మెంట్లు వచ్చినప్పుడు బీడీ. చిన్న సౌండుతో ఒక పాట పెట్టి, ఆపి, కాసేపు ఊరుకుని, కావాలంటేనే ఇంకోటి పెట్టేవాళ్లం. రోజంతా మోగిస్తే అదీ ఫ్యాను చప్పుడైపోతుంది. ఫ్యాను అంటే గుర్తొచ్చింది, ఆయాసం వచ్చినప్పుడు చిన్న టేబుల్ ఫ్యాను బుగ్గకి తగిలేలా పెట్టమన్నారు. అది మసాజుకన్నా, పాటకన్నా గట్టిగా పనిచేసింది. రాసేవాడు నిజం రాయాలి కదా.

ఆ మేడమ్ రిటైరైన డ్రాయింగ్ టీచరు. మొదటిసారి నెమలి బొమ్మ అచ్చేసిన కాగితాలు, స్కెచ్ పెన్నులు తెచ్చింది. నాన్న ఒకసారి తిరగేసి పక్కన పెట్టేశాడు. "అమ్మా, నేను ఆర్టిస్టును. ఇట్ల గీతల నడుమ రంగు నింపుడు నా మనవరాలి పని." ఆమెకి కోపం రాలేదు. హాస్పిస్‌లకి నాంది పలికిన సిసిలీ సాండర్స్ గురించి చెప్పింది. నర్సుగా మొదలై డాక్టరైన ఆమె 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. అక్కడి గోడల నిండా మరియన్ బోహుష్-షిష్కో అనే పోలండ్ చిత్రకారుడి పెయింటింగులే. 1980లో ఆయన్నే పెళ్లి చేసుకుంది. నాన్న శ్రద్ధగా విని, "డాక్టరమ్మ ఆర్టిస్టును చేసుకున్నదా? మంచిగ బతికిచ్చింది" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి, "ఆర్టిస్టును చేసుకున్నోళ్లంత బతికిచ్చినోళ్లే" అంది.

ఆయనకి కావలసింది బ్రష్. ఎనామిల్, టర్పెంటైన్ వాసన ఆ ఊపిరితిత్తులకి పడదు కాబట్టి పోస్టర్ కలర్స్ తెచ్చాం. వేళ్లకి పట్టు లేదు. మేడమ్ బ్రష్ కాడకి స్పాంజి చుట్టి రబ్బరుబ్యాండ్లు వేసి లావు చేసింది. రెండు దిండ్ల మీద ఒక ప్లైవుడ్ ముక్క అడ్డంగా పెడితే అదే టేబుల్. మాత్ర వేసిన గంట తర్వాత, ఆయాసం లేనప్పుడు, పది నిమిషాలు. అంతకుమించి వద్దన్నారు.

మొదటి అక్షరం వంకర పోయింది. రెండోదీ అంతే. మూడోదానికి బ్రష్ విసిరికొట్టాడు, దుప్పటి మీద ఎర్రటి గీత. కారణం వణుకు అనుకున్నాను. వణుకు కాదని ఆయనే చెప్పాడు. పొడుగు గీత లాగేటప్పుడు ఊపిరి బిగబట్టాలట. నిచ్చెన మీద ఉన్నా, మంచం మీద ఉన్నా అదే పద్ధతి, ఊపిరి వదిలితే చెయ్యి కదులుతుంది. ఇప్పుడు బిగబట్టడానికి ఊపిరేది? ఆ రోజు మేం రంగులు మూసేశాం. ఇదంతా దండగ, మనిషిని ఇంకా బాధపెడుతున్నామనిపించింది నాకు.

మర్నాడు మా పాపని పిలిచాడు. మూడో తరగతి, ఇంగ్లీష్ మీడియం, తెలుగు అంటే పారిపోతుంది. కాగితం చివర పట్టుకోమన్నాడు. తను బ్రష్‌ని కాగితం మీద ఆనించి కదలకుండా ఉంచి, "ఇప్పుడు నీ దిక్కు లాగు, మెల్లగ" అన్నాడు. పాప కాగితం లాగింది. గీత పడింది, నిటారుగా, అంచు తెగినట్టు. గుండ్రటి వంపులకి తను వేళ్లు తిప్పుతాడు, పొడుగు గీతలకి పాప లాగుతుంది. ఇద్దరూ కలిసి పాప పేరు రాశారు, కింద షాడో కూడా వేశారు. తలకట్టు దగ్గర పాప తొందరపడితే, "ఆగు, తలకట్టు బిర్రుగ ఉంటేనే అక్షరానికి మొహం వస్తది" అని కసిరాడు. కొన్ని నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ ఆయన చేత తిట్లు తినలేదు. జబ్బుపడిన మనిషి మమ్మల్ని తిట్టడు, మేమూ ఆయన్ని తిట్టం. పాప తిట్లు తిని కిలకిలా నవ్వింది.

తర్వాత మేడమ్ ఇంకో పని మొదలుపెట్టింది. హార్వీ చోచినోవ్ అనే కెనడా సైకియాట్రిస్టు తయారుచేసిన పద్ధతి అది, డిగ్నిటీ థెరపీ అంటారు. దాని ఫలితాలు మొదట 2005లో అచ్చయ్యాయి. మీ జీవితంలో గుర్తుండేవి ఏమిటి, ఏ పని చేసినందుకు గర్వంగా ఉంది, మీవాళ్లకి ఏం చెప్పాలనుంది లాంటి ప్రశ్నలు అడిగి, రికార్డు చేసి, కాగితం మీద పెట్టి, తిరిగి ఆయనకే చదివి వినిపించి, దిద్దించి, ఇంట్లోవాళ్లకి ఇస్తారు. ఎక్కువగా బోర్డుల గురించే చెప్పాడు నాన్న. ఏ మిల్లుకి ఏ రంగు, ఎవరు డబ్బులు ఎగ్గొట్టారు, ఎలక్షన్ల రాత్రి పొరపాటున ఒక పార్టీ గోడ మీద ఇంకో పార్టీ గుర్తు రాసి తెల్లారేసరికి ఎలా మాయం చేశాడు. అక్క ఆ లిస్టు పట్టుకుని సూర్యాపేటలో తిరిగి, ఇంకా చెరిగిపోకుండా ఉన్నవాటికి ఫొటోలు తీసి పంపింది. ఒక పిండిగిర్ని, ఒక స్కూలు గోడ, నీళ్ల ట్యాంకు, ఇంకా ఏవో కొన్ని. ఫోన్లో పెద్దవి చేసుకుని చూస్తూ, "ఈ 'ళ' ఇప్పుడైతే ఇట్ల రాయను" అని తప్పులు పట్టుకున్నాడు.

అయితే ఇది పూల మీద నడక కాదు. అదే రికార్డింగులో, మద్రాసు పోయి సినిమా బ్యానర్లు రాద్దామని బట్టలు సర్దుకున్నాననీ, అప్పుడే అమ్మ కడుపుతో ఉందని తెలిసి ఆగిపోయాననీ చెప్పాడు. చదివి వినిపిస్తుంటే అమ్మ లేచి వెళ్లిపోయింది. "నలభై ఏండ్లు నాకు చెప్పలే, ఎవరో మేడమ్‌కి చెప్పిండు" అని రెండ్రోజులు ముభావంగా ఉంది. నాన్న ఆ ముక్క కొట్టేయమన్నాడు. అమ్మే, "ఉండనీ, నిజమే గదా" అంది. దిద్దే అవకాశం ఎందుకు పెట్టారో అప్పుడర్థమైంది నాకు. ఇలాంటిది చేయించాలనుకునేవాళ్లు ఇంట్లోవాళ్లని ముందే సిద్ధం చేసుకోవాలి. ఆ తర్వాత నుంచి రాత్రిపూట చేతికి నూనె రాసే పని అమ్మ తీసుకుంది. నన్ను గదిలోంచి పొమ్మనేది.

చివరి రోజుల గురించి ఎక్కువ రాయను. ఎక్కువసేపు మగతలోనే ఉండేవాడు. ఒకరోజు పాట పెడితే మొహం పక్కకి తిప్పుకున్నాడు, నూనె రాస్తుంటే నుదురు ముడిచాడు. నిన్నటిదాకా హాయిగా ఉన్నదే ఇవాళ బరువు కావచ్చు, మొహం చూసి ఆపేయండి, నిమరకుండా చెయ్యి కింద చెయ్యి పెట్టి ఉంచండి చాలు, అంది సిస్టర్. మాట్లాడుతూనే ఉండమంది కూడా. 2020లో కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు హాస్పిస్‌లో స్పృహ లేని స్థితిలో ఉన్నవాళ్లకి తలమీద తీగలు పెట్టి చూస్తే, కొందరి మెదడు శబ్దాలకి ఆరోగ్యవంతుల మెదడులాగే స్పందించిందట. అర్థమవుతుందా లేదా అన్నది వేరే సంగతి. అందుకని మేం పైసల లెక్కలు, పొలం కౌలు గొడవలు గది బయట పెట్టుకుని, లోపల మామూలు మాటలే మాట్లాడాం. ఊపిరి ఆగి ఆగి వస్తుంటే భయపడకండి, అది ఆయనకి బాధ కాదు అని ముందే చెప్పి ఉంచారు. తడి దూదితో పెదాలు అద్దుతూ ఉన్నాం. తెల్లవారుజామున వెళ్లిపోయాడు. అమ్మ చెయ్యి ఆయన చెయ్యి కిందే ఉంది.

నాన్న ఒకటే కండిషన్ పెట్టాడు, "నాకు ఫ్లెక్స్ కట్టిన్రంటే లేచొస్త" అని. ఎవరు వింటారు? మేం ఊరు చేరేసరికే బజారు మొగదల పెద్ద ఫ్లెక్స్, నాన్న ఫొటో, కింద 'శ్రద్దాంజలి'. కట్టింది ఆయన దగ్గర పని నేర్చుకుని, బ్రష్ వదిలేసి ప్రింటింగ్ మిషన్ పెట్టుకున్న శిష్యుడు. అక్క తల ఎత్తి చూసి, "ద కింద ద వత్తు పెట్టినవేందిరా, ధ వత్తు గదా?" అంది. ఫాంటు అట్లనే వచ్చిందక్కా అన్నాడు వాడు. అక్క చెప్పులు విడిచి, బావ పట్టుకున్న నిచ్చెనెక్కి, నల్ల మార్కరుతో ఆ వత్తు కింద చిన్న గీత గీసింది. శిష్యుడు కింద నిలబడి, ఒక కన్ను మూసి చూసి, "ఇంకొంచెం మందం, అక్కా" అన్నాడు.